బీఎంఐని ఇంట్లోనే సరిగ్గా లెక్కించి అర్థం చేసుకోవడం: కొలత నుంచి నిర్ణయం వరకు

బీఎంఐ (బాడీ మాస్ ఇండెక్స్) అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్య; ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో అది చెబుతుంది. దాని సూత్రం ఎక్కడ వెతికినా దొరుకుతుంది. అయినా "యాప్‌లో 24 వచ్చింది, క్లినిక్‌లో 26 అని రాసిచ్చారు, ఏది నమ్మాలి?" అన్న ప్రశ్న పాఠకుల నుంచి వస్తూనే ఉంది. నేను చూసినంతలో ఈ తేడాకు సూత్రం కారణం కాదు. ఎత్తును కొలిచిన తీరులోనో, ఫలితాన్ని పోల్చి చూసిన పట్టికలోనో పొరపాటు ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో లెక్క కంటే కొలతకూ, వచ్చిన సంఖ్యను చదివే పద్ధతికీ ఎక్కువ చోటు ఇచ్చాను. ఇందులోని పట్టికలు 18 ఏళ్లు నిండిన, గర్భవతులు కాని వారికి వర్తిస్తాయి. మిగిలిన వారి గురించి 8వ భాగంలో వివరించాను.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- వడ్రంగులు, తాపీ మేస్త్రీలు వాడే స్టీలు టేపు (ఎత్తు కోసం)
- దర్జీలు వాడే మెత్తని టేపు (నడుము కోసం)
- గట్టి అట్ట ఉన్న మందపాటి పుస్తకం
- పెన్సిలు, కాగితం
- బరువు తూచే యంత్రం
- ఫోనులోని మామూలు కాలిక్యులేటర్
- కొలవడానికి తోడుగా మరొకరు

టేపులు రెండు ఎందుకని అనిపించవచ్చు. గుడ్డ టేపు ఏళ్ల తరబడి వాడితే సాగుతుంది. వాడే ముందు దాన్ని స్టీలు టేపు పక్కన పరిచి, రెండింటిలోనూ 100 సెం.మీ. గీతలు ఒకే చోట ఉన్నాయో లేదో చూడండి. అర సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా ఉంటే కొత్తది కొనడం మంచిది.

కొలతలన్నీ ఒకే ఉదయం, పరగడుపున, కాలకృత్యాలు తీర్చుకున్న తర్వాత పూర్తిచేయండి. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని పొరలు పగలంతా శరీర భారానికి అణుగుతాయి కాబట్టి ఉదయానికీ సాయంత్రానికీ ఎత్తులో సుమారు ఒక సెంటీమీటరు తేడా రావడం మామూలే.

2. ఎత్తు కొలవడం

అన్నిటికంటే శ్రద్ధ పెట్టవలసిన అడుగు ఇదే. సూత్రంలో బరువు ఒక్కసారే వస్తుంది, ఎత్తు రెండుసార్లు వస్తుంది. ఎత్తులో ఒక శాతం తప్పు జరిగితే బీఎంఐలో దాదాపు రెండు శాతం తప్పు వస్తుంది. 65 కిలోల బరువున్న వ్యక్తి ఎత్తు 158 సెం.మీ. అనుకుంటే బీఎంఐ 26.0, 162 అనుకుంటే 24.8. నాలుగు సెంటీమీటర్ల తేడాకే ఆ వ్యక్తి ఒక వర్గం నుంచి మరో వర్గానికి మారిపోతారు.

ముందు గోడను ఎంచుకోండి. ఇప్పటి ఇళ్లలో గోడల అడుగున టైల్స్ పట్టీ, అంటే స్కర్టింగ్, ఒక సెంటీమీటరు దాకా ముందుకు పొడుచుకొని ఉంటుంది. మడమలు దానికి తగిలి ఆగిపోతే వీపుకూ గోడకూ మధ్య సందు మిగులుతుంది, మనిషి వెనక్కి వాలి నిలబడతారు. స్కర్టింగ్ లేని గోడ గానీ, బీరువా పక్క భాగం గానీ, మూసిన తలుపు గానీ ఇంతకంటే మేలు. కింద చాప, తివాచీ ఉండకూడదు.

తర్వాత ఈ క్రమంలో చేయండి:

1. చెప్పులు, మేజోళ్లు తీసేయాలి. కొప్పు, తలపై ముడి, పూలు, క్లిప్పులు తీసి జుట్టును వదులుగా వెనక్కి వేసుకోవాలి.
2. పాదాలు దగ్గరగా పెట్టి మడమలు, పిరుదులు, భుజాల వెనుక భాగం గోడకు ఆనేలా నిలబడాలి. లావుగా ఉన్నవారికి ఇవన్నీ ఒకేసారి ఆనకపోవచ్చు. అప్పుడు మడమల్ని కొద్దిగా ముందుకు జరిపినా ఫరవాలేదు, శరీరం నిటారుగా ఉండటమే ముఖ్యం.
3. చూపు నేరుగా ముందుకు ఉండాలి. చెవి రంధ్రం, కంటి కింది ఎముక ఒకే అడ్డగీతపై ఉన్నట్టు పక్క నుంచి చూసేవారికి కనిపించాలి. గడ్డం పైకెత్తినా, కిందికి దించినా కొలత మారుతుంది.
4. తోడున్నవారు పుస్తకం వెన్ను భాగాన్ని గోడకు నిటారుగా ఆనించి, అడుగు అంచు నడినెత్తిని తాకేవరకు నెమ్మదిగా కిందికి జరపాలి. జుట్టు అణిగేంత ఒత్తిడి చాలు.
5. పుస్తకం అడుగు అంచు గోడను తాకిన చోట పెన్సిలుతో గీత పెట్టాలి.
6. మనిషి పక్కకు జరిగాక, నేల నుంచి గీత వరకు స్టీలు టేపుతో కొలవాలి. టేపు మొదట ఉండే లోహపు కొక్కెం నేలకు సరిగ్గా ఆనిందో లేదో చూసుకోండి.

ఇలా మూడుసార్లు కొలిచి, దగ్గరగా ఉన్న రెండింటి సగటును తీసుకోండి. గీతలు ఒక సెంటీమీటరు కంటే దూరంగా పడ్డాయంటే పుస్తకం ఏటవాలుగా పట్టుకున్నారని అర్థం.

కొప్పు విషయాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పుస్తకం కొప్పు మీదే ఆగి మూడు సెంటీమీటర్లు అదనంగా వస్తే, నిజానికి 24.8 ఉన్న బీఎంఐ 23.9గా కనిపిస్తుంది.

3. బరువు తూచడం

యంత్రాన్ని టైల్స్, గచ్చు వంటి గట్టి నేల మీద, నాలుగు కాళ్లూ సమంగా ఆనేలా పెట్టండి. పరుపు, తివాచీ, గతుకుల నేల మీద పెడితే అంకె నమ్మదగినది కాదు.

తూచే ముందు యంత్రాన్నే పరీక్షించాలి. ఒకసారి మీరు ఒక్కరే ఎక్కి బరువు రాసుకోండి. తర్వాత సీలు తీయని 10 కిలోల గోధుమపిండి సంచిని పట్టుకుని మళ్ళీ ఎక్కండి. తేడా 10 కిలోలకు అటూ ఇటూగా రావాలి. సంచి లేకపోతే నీళ్లు చాలు: లీటరు నీరు దాదాపు ఒక కిలో తూగుతుంది, సీసా బరువు విడిగా చూసుకోండి.

- పలుచని నూలు బట్టలతో, వట్టి కాళ్లతో ఎక్కండి.
- ఫోను, తాళాలు, పర్సు, బెల్టు, బరువైన గాజులు తీసేయండి.
- రెండు పాదాల మీదా సమంగా బరువు మోపి, అంకె నిలిచేవరకు కదలకుండా ఉండండి.
- రెండుసార్లు చూసి 100 గ్రాముల వరకు రాసుకోండి.

క్లినిక్‌లో మధ్యాహ్నం భోజనం చేశాక, చెప్పులతో, పట్టుచీరతో తూగిన బరువు ఇంట్లో ఉదయం చూసిన బరువు కంటే ఒకటి రెండు కిలోలు ఎక్కువ ఉండటం సహజం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి బరువు పెరిగిందని కంగారు పడకండి.

4. అడుగులు, అంగుళాలను మీటర్లలోకి మార్చడం

టేపులో సెంటీమీటర్లే చూసినవారు ఈ భాగాన్ని వదిలేయవచ్చు. ఎత్తును అడుగుల్లో చెప్పుకునే అలవాటు మనలో బలంగా ఉంది కాబట్టి మిగిలినవారు మాత్రం జాగ్రత్తగా చదవాలి.

అడుగుకు 12 అంగుళాలు, అంగుళానికి 2.54 సెం.మీ. ముందు ఎత్తు మొత్తాన్ని అంగుళాల్లోకి మార్చి, ఆ తర్వాత 2.54తో గుణించండి. 5 అడుగుల 2 అంగుళాలంటే 5 × 12 + 2 = 62 అంగుళాలు; 62 × 2.54 = 157.5 సెం.మీ.; మీటర్లలో 1.575.

5 అడుగుల 6 అంగుళాలను "5.6" అని రాసే అలవాటు ఇక్కడే ముంచుతుంది. 5 అడుగుల 6 అంగుళాలంటే 167.6 సెం.మీ., దశాంశంగా 5.6 అడుగులంటే 170.7 సెం.మీ. ఇక 5 అడుగుల 10 అంగుళాలున్న వ్యక్తి యాప్‌లో "5.10" అని కొడితే అది 5.1 అడుగులుగా, అంటే 155.4 సెం.మీ.గా లెక్కలోకి వెళ్తుంది. ఆ వ్యక్తి బరువు 76 కిలోలైతే అసలు బీఎంఐ 24.0, యాప్ చూపించేది 31.5. ఉన్నట్టుండి ఊబకాయమని కనిపిస్తే ముందు ఈ గడిలో ఏం కొట్టారో చూడండి.

5. లెక్క చేయడం

సూత్రం ఇది: కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. వర్గమంటే ఆ సంఖ్యను దానితోనే గుణించడం.

కాలిక్యులేటర్‌లో వర్గం కట్టే పని లేకుండా, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే సరిపోతుంది. 5 అడుగుల 2 అంగుళాల ఎత్తు, 61.5 కిలోల బరువు ఉన్న ఒక మహిళను ఉదాహరణగా తీసుకుందాం:

1. 61.5 ÷ 1.575 = 39.05
2. 39.05 ÷ 1.575 = 24.8

ఆమె బీఎంఐ 24.8. దశాంశం తర్వాత ఒక్క అంకె చాలు. జవాబు 0.0024 వంటి చిన్న సంఖ్యగా వస్తే ఎత్తును సెంటీమీటర్లలోనే ఉంచి భాగించారన్నమాట. దాన్ని 10,000తో గుణిస్తే సరైన జవాబు వస్తుంది.

ఇదే లెక్కను తిప్పి, మీ ఎత్తుకు ఎంత బరువు తగునో కూడా తెలుసుకోవచ్చు. కావలసిన బీఎంఐని ఎత్తుతో రెండుసార్లు గుణించండి. కింది వరుసల్లో మొదటి బరువు 18.5కు, రెండోది 23కు, మూడోది 25కు సరిపోయేవి:

- 150 సెం.మీ.: 41.6, 51.8, 56.3 కిలోలు
- 155 సెం.మీ.: 44.4, 55.3, 60.1 కిలోలు
- 160 సెం.మీ.: 47.4, 58.9, 64.0 కిలోలు
- 165 సెం.మీ.: 50.4, 62.6, 68.1 కిలోలు
- 170 సెం.మీ.: 53.5, 66.5, 72.3 కిలోలు
- 175 సెం.మీ.: 56.7, 70.4, 76.6 కిలోలు
- 180 సెం.మీ.: 59.9, 74.5, 81.0 కిలోలు

సెంటీమీటర్లలోంచి 100 తీసేస్తే ఉండవలసిన బరువు వస్తుందన్న పాత కొండగుర్తు చాలా ఇళ్లలో వినిపిస్తుంది. అది 150 సెం.మీ. ఎత్తువారికి దాదాపు సరిపోతుంది: 50 కిలోలంటే బీఎంఐ 22.2. కానీ 180 సెం.మీ. మనిషికి 80 కిలోలని చెప్పి, బీఎంఐని 24.7కు తీసుకెళ్తుంది. పొడుగరులు దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

6. ఏ పట్టికతో పోల్చాలి

చాలా యాప్‌లు ప్రపంచ ఆరోగ్య సంస్థ సాధారణ పట్టికను వాడతాయి. అందులో 18.5 నుంచి 24.9 వరకు సాధారణం, 25 నుంచి 29.9 వరకు అధిక బరువు, 30 నుంచి ఊబకాయం.

మనకు ఇది చాలదు. ఒకే బీఎంఐ ఉన్నప్పుడు యూరప్ మూలాల వారితో పోలిస్తే దక్షిణాసియా వారి శరీరంలో కొవ్వు పాలు ఎక్కువగా ఉంటుంది. అదీ పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. షుగర్, గుండె జబ్బు మనకు తక్కువ బీఎంఐ దగ్గరే మొదలవుతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లో ఆసియా జనాభా కోసం 23, 27.5 అనే అదనపు గీతలను సూచించింది. భారతీయ నిపుణులు 2009లో మరింత కఠినమైన హద్దులకు అంగీకరించారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా భారతీయ పెద్దలకు తగిన బీఎంఐ 18.5 నుంచి 23 వరకు అని చెబుతుంది.

మీరు వాడవలసిన పట్టిక ఇది:

- 18.5 కంటే తక్కువ: తక్కువ బరువు (16 కంటే తక్కువైతే తీవ్రమైన స్థితి)
- 18.5 నుంచి 22.9 వరకు: తగిన బరువు
- 23 నుంచి 24.9 వరకు: అధిక బరువు
- 25, ఆపైన: ఊబకాయం

పై ఉదాహరణలోని మహిళ సంగతి చూడండి. 24.8 అన్న సంఖ్యకు యాప్‌లో ఆకుపచ్చ రంగు వస్తుంది, "సాధారణం" అని చూపిస్తుంది. మన పట్టికలో ఆమె ఊబకాయం గీతకు 0.2 దూరంలో ఉన్నారు. లెక్కలో ఏ తప్పూ లేకపోయినా, ఆ ఆకుపచ్చ రంగును నమ్మి షుగర్ పరీక్షను ఐదేళ్లు వాయిదా వేసే ప్రమాదం ఉంది. నన్ను ఈ మార్గదర్శి రాయడానికి కూర్చోబెట్టింది ఈ ఆందోళనే.

విదేశాల్లో స్థిరపడిన తెలుగువారికీ 23 గీత వర్తిస్తుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాల పెద్దలకు 23 నుంచే షుగర్ పరీక్ష అవసరాన్ని చూడమంటుంది. బ్రిటన్ మార్గదర్శకాలు దక్షిణాసియా వారికి 23ను అధిక బరువుకు, 27.5ను ఊబకాయానికి మొదలుగా తీసుకుంటాయి. అక్కడి డాక్టరు మామూలు పట్టిక చూస్తున్నట్టు అనిపిస్తే మీ మూలాలను గుర్తుచేసి అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

7. నడుము కొలత లేకుండా బీఎంఐ చదవవద్దు

బీఎంఐకి కొవ్వు, కండ, ఎముక, నీరు అన్న తేడా తెలియదు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ కూడా 22.3. పరీక్షించి చూస్తే యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. తమ ఫొటోతో సహా వారు 2004లో ఈ సంగతిని ప్రచురించారు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చిన మనవాళ్లను బీఎంఐ ఒక్కటే పట్టుకోలేదు.

నడుము కొలిచే పద్ధతి:

1. పొట్ట మీద బట్ట తొలగించి, పాదాలు కొద్దిగా ఎడంగా పెట్టి నిలబడండి.
2. పక్క నుంచి వేలితో తడుముతూ చివరి పక్కటెముక అంచును, తుంటి ఎముక పై అంచును గుర్తించండి. ఆ రెండింటి మధ్య బిందువు దగ్గర టేపు పెట్టాలి.
3. టేపు చుట్టూ నేలకు సమాంతరంగా ఉందో లేదో అద్దంలో చూసుకోండి.
4. మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత చదవండి. పొట్ట లోపలికి లాక్కోవద్దు. టేపు చర్మానికి ఆనాలి గానీ నొక్కకూడదు.

మన పురుషులకు 90 సెం.మీ., స్త్రీలకు 80 సెం.మీ. హద్దు. దీంతోపాటు నడుము మీ ఎత్తులో సగం దాటకుండా ఉండాలి.

ప్యాంటు సైజును నడుము కొలతగా రాయకండి. 34 సైజు ప్యాంటును పొట్ట కిందికి దించి కట్టుకునే వ్యక్తికి పైన చెప్పిన చోట టేపు పెడితే 38 అంగుళాలు, అంటే 96.5 సెం.మీ. రావచ్చు. చీర, లుంగీ కట్టే చోటు విషయమూ ఇంతే.

8. ఈ పట్టిక ఎవరికి సరిపోదు

పిల్లలు, కౌమారులు. సూత్రం అదే, చదివే పద్ధతి వేరు. వయసు, ఆడా మగా అన్నదాన్ని బట్టి వక్రరేఖల చార్టులో చూడాలి. 5 నుంచి 18 ఏళ్ల వారికి భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో ఇచ్చిన చార్టులున్నాయి. పదేళ్ల పిల్లవాడికి 16 మామూలే; పెద్దల పట్టికలో అదే 16 బాగా తక్కువ. పెద్దల పట్టిక చూసి పిల్లలకు బలవంతంగా తినిపించడం గానీ, తిండి తగ్గించడం గానీ చేయవద్దు.

గర్భవతులు. గర్భానికి ముందున్న బరువుతో, లేదా తొలి నెలల్లో చూసిన బరువుతో లెక్కించాలి. ఏడో నెలలో లెక్కించిన బీఎంఐకి అర్థం లేదు.

వృద్ధులు. మా అమ్మగారి ఎత్తును యౌవనం నాటి 5 అడుగుల 2 అంగుళాలుగానే అందరం చెప్పుకుంటూ వచ్చాం. 70 దాటాక గోడకు నిలబెట్టి కొలిస్తే 152 సెం.మీ. వచ్చింది. 58 కిలోల బరువుకు పాత ఎత్తుతో బీఎంఐ 23.4, ఇప్పటి ఎత్తుతో 25.1. ఆమె లావెక్కలేదు, వెన్ను కుంగింది. ఇలాంటప్పుడు రెండు ఎత్తులనూ రాసి డాక్టరుకు చూపించండి. ఎత్తు తగ్గడమే ఎముకల పరీక్షకు ఒక కారణం కావచ్చు. ఈ వయసులో కండ కరగడం పెద్ద ముప్పు కాబట్టి సంఖ్యను చూసి సొంతంగా తిండి తగ్గించవద్దు.

కండ ఎక్కువగా ఉన్నవారు. క్రీడాకారులు, బరువులు ఎత్తే పని చేసేవారు 25 దాటినా నడుము హద్దులోనే ఉండవచ్చు. వీరు నడుము కొలతనే ప్రధానంగా చూడాలి.

ఒంట్లో నీరు చేరినవారు. గుండె, కాలేయం, కిడ్నీ జబ్బులతో కాళ్ల వాపు, పొట్టలో నీరు ఉన్నప్పుడు బరువులో ఆ నీరూ కలుస్తుంది. బీఎంఐ సాధారణంగా కనిపిస్తూ లోపల కండ తగ్గిపోతూ ఉండవచ్చు.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

- గుర్తింపు కార్డులోనో పాత ఫారంలోనో ఉన్న ఎత్తును వాడటం: కనీసం ఏడాదికి ఒకసారి కొత్తగా కొలవండి.
- రోజూ తూగి రోజూ బీఎంఐ లెక్కించడం: 160 సెం.మీ. మనిషికి బీఎంఐలో ఒక పాయింటు అంటే దాదాపు 2.6 కిలోలు. రెండు రోజుల్లో 0.3 మారితే అది నీరు, ఉప్పు, మలబద్ధకం వల్ల వచ్చే తేడాయే కావచ్చు. నెలకు ఒకసారి చాలు.
- ఒక నెల ఇంటి యంత్రం, మరో నెల మందుల షాపు యంత్రం: మార్పు తెలియాలంటే ఒకటే యంత్రం ఉండాలి.
- బీఎంఐని కొవ్వు శాతంగా అనుకోవడం: 24.8 అంటే ఒంట్లో 24.8 శాతం కొవ్వుందని కాదు. అవి వేరువేరు కొలతలు.
- 22.9 వస్తే ఊరట, 23.1 వస్తే బెంగ: ఇంటి కొలతల్లో అంత సూక్ష్మత ఉండదు. గీతకు అర పాయింటు అటూ ఇటూ ఉన్నవారంతా నడుము కొలతను చూసి నిర్ణయించుకోవాలి.

10. వచ్చిన సంఖ్యతో ఏం చేయాలి

18.5 కంటే తక్కువైతే ఎప్పటి నుంచి అలా ఉందో గుర్తుచేసుకోండి. మొదటి నుంచీ సన్నగా ఉండి ఆరోగ్యంగా ఉన్నవారి పరిస్థితి వేరు, బరువు తగ్గుతూ వచ్చినవారి పరిస్థితి వేరు. ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బరువులో 5 శాతానికి మించి తగ్గితే, బీఎంఐ ఎంతున్నా డాక్టరును కలవాలి. క్షయ, షుగర్, థైరాయిడ్ పరీక్షల గురించి అడగండి. మన క్షయ నిర్మూలన కార్యక్రమం 18.5 కంటే తక్కువ ఉన్నవారిని ప్రత్యేకంగా పరీక్షించవలసిన వర్గంలో చేర్చింది.

18.5 నుంచి 22.9 వరకు ఉండి నడుము హద్దులోనే ఉంటే ఏటా రెండు మూడుసార్లు కొలుచుకుంటే చాలు. నడుము హద్దు దాటితే మిమ్మల్ని మీరు 23, ఆపైన ఉన్నవారి వర్గంలోనే లెక్కవేసుకోండి.

23, ఆపైన ఉంటే పరగడుపు షుగర్ లేదా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష), రక్తపోటు, కొలెస్టరాల్ చూపించుకోండి. మొదటి లక్ష్యాన్ని 22.9గా పెట్టుకోవద్దు, ఇప్పటి బరువులో 5 శాతంగా పెట్టుకోండి. మన ఉదాహరణలోని మహిళకు అది 3 కిలోలు: బరువు 58.4కు, బీఎంఐ 23.5కు వస్తాయి. వర్గం మారకపోయినా షుగర్, రక్తపోటు మీద ఆ 3 కిలోల ప్రభావం ఉంటుంది. నడక మొదలుపెట్టాక బీఎంఐ కదలకుండా నడుము మాత్రం తగ్గుతుంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

25 దాటి ఆయాసం, గురక, మోకాళ్ల నొప్పి, షుగర్, కాలేయంలో కొవ్వు వంటివి తోడైతే సొంత ప్రయోగాలు మాని డాక్టరు సలహాతోనే మొదలుపెట్టండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఈ వివరాలు ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి:

- కొలిచిన తేదీ, సమయం
- ఎత్తు సెంటీమీటర్లలో (60 దాటినవారైతే యౌవనంలోని ఎత్తు కూడా)
- బరువు, ఏ యంత్రం మీద చూశారో
- బీఎంఐ
- నడుము చుట్టుకొలత
- ఆరు నెలల కిందటి బరువు
- 20 ఏళ్ల వయసులో ఉన్న బరువు, గుర్తుంటే
- తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో షుగర్, గుండె జబ్బు ఉన్నవారి వివరం